వెయ్యనన్న మంత్రం

నాకు ఐదేళ్లప్పుడు తేలు కుట్టింది. 1976, ఎండాకాలం. దివిసీమలో నాగాయలంక దగ్గర మా ఊరు. గడ్డివాము కిందికి దొర్లిపోయిన గోళీ కోసం చెయ్యి పెట్టాను. బొటనవేలి మీద నిప్పుకణిక పెట్టినట్టయింది. వీధి వీధంతా లేచేలా ఏడ్చాను. అమ్మ చింతగింజ తెచ్చి, వేడెక్కేదాకా గచ్చు మీద అరగదీసి, కాటు మీద అతికించింది. గింజ అతుక్కుంది గాని ఏడుపు ఆగలేదు. నాన్న నన్ను భుజాన వేసుకుని ఎదురింటి తాత దగ్గరికి పరిగెత్తాడు.

తాత అంటే రక్తసంబంధం కాదు, ఊరివరస. నాన్న ఆయన్ని బాబాయ్ అనేవాడు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లకి తేలుమంత్రం ఆయనదే. పైసా పుచ్చుకునేవాడు కాదు. పుచ్చుకుంటే మంత్రం పోతుందనేవాడు. గ్రహణం పట్టిన ప్రతిసారీ కృష్ణలో మెడలోతు నీళ్లలో నిలబడి, విడిచేదాకా జపం చేసి, మంత్రాన్ని నిలబెట్టుకునేవాడు.

నన్ను అరుగు మీద పడుకోబెట్టారు. తాత లాంతరు నా మొహానికి దగ్గరగా పెట్టి చూశాడు. ముందు నుదురు తడిమాడు. అరచేతులు పట్టుకున్నాడు. పాదాలు పట్టుకున్నాడు. అప్పుడు అడిగాడు, "నొప్పెడుతోందిరా?" అని. నేను ఇంకా గట్టిగా గుక్కపట్టాను.

తాత నవ్వాడు.

ఆ నవ్వు నా మనసులో ఏళ్ల తరబడి ముల్లులా ఉండిపోయింది. పసివాడు చచ్చిపోతానని ఏడుస్తుంటే నవ్వేవాడు ఎలాంటి మనిషి? నవ్విన తర్వాత మాత్రం తెల్లవారుజాము దాకా నా పక్కనే కూర్చుని వేపమండతో దించాడు. పొద్దున్నకి సలుపు తగ్గింది. చద్దన్నం తిని మళ్లీ గోళీలకి పోయాను.

ఇప్పుడు ఆ తేలు సంగతి చెప్పాలి. గుడివాడలో పాతికేళ్లకి పైగా పిల్లలకి జంతుశాస్త్రం చెబుతున్నాను. సిలబస్‌లో తేలుకి దక్కేది రెండు పేరాలు. నాకు అవి చాలవు. నోట్లు దొంగవో మంచివో చూసే ఊదారంగు కిరణాల టార్చి ఉంటుంది కదా, బజార్లో వంద రెండు వందలకి దొరికేది, దాన్ని పట్టుకుని చీకటి పడ్డాక పిల్లల్ని ఊరి చివర పాత ఇటుక బట్టీ దగ్గరికి తీసుకుపోతాను. మామూలు దీపానికి ఇటుకలే కనిపిస్తాయి. ఈ టార్చి వెయ్యగానే ఇటుకల సందులో ఆకుపచ్చ నీలం కలిసిన వెలుగు ఒకటి పుడుతుంది, కడిగిన గాజుముక్కలాగ. ఆ వెలుగే తేలు. దాని పెంకులో ఉన్న కొన్ని పదార్థాలు ఆ కిరణాలు పడగానే అలా మెరుస్తాయి. కుబుసం అప్పుడే విడిచిన తేలు మాత్రం మెరవదు, పెంకు గట్టిపడ్డాకే ఆ వెలుగొస్తుంది. చచ్చి ఏళ్ల తరబడి సీసాలో ఉన్న తేలు కూడా మెరుస్తుంది. ఎందుకు మెరుస్తుందనేది సైన్సు ఇంకా తేల్చలేదు. ఆ మాట చెప్పినప్పుడే పిల్లల కళ్లు పెద్దవవుతాయి.

మన వైపు జనానికి తెలిసిన తేళ్లు రెండు. ఒకటి నల్లది, మండ్రగబ్బ. అరచేయి నిండేంత ఉంటుంది. పీత డెక్కల్లాంటి లావుపాటి డెక్కలు. చూస్తే గుండె జారుతుంది. కుట్టినా చాలావరకు నొప్పితో పోతుంది. రెండోది ఎర్రతేలు. రెండు మూడు అంగుళాలు, చూపుడువేలి కంటే పెద్దది కాదు. డెక్కలు సన్నగా పుల్లల్లా ఉంటాయి, తోక మాత్రం లావు. డెక్క లావైతే తోక మెత్తన, డెక్క సన్నమైతే తోకని నమ్మొద్దు అని మా పిల్లలకి చెబుతాను. వేటని డెక్కలతోనే నలిపి చంపగలిగినదానికి అంత విషం అక్కర్లేదు. డెక్కల్లో బలం లేనిది కొండిని నమ్ముకుంటుంది.

ఈ ఎర్రదానికి 1798లోనే ఫాబ్రిషియస్ అనే డెన్మార్కు శాస్త్రవేత్త పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని హాటెంటోటా టామ్యులస్ అంటున్నారు. ఈ జాతి వర్గం ఆఫ్రికా నుంచి మన దేశం దాకా పరుచుకుని ఉంది. సహారా ఎడారిలో మనుషుల్ని చంపే పసుపుపచ్చ తేలూ, మెక్సికోలో చంపే తేలూ దీని పెద్ద కుటుంబానివే. సన్న డెక్కలవి, ఎక్కువగా పొడినేల ఇష్టపడేవి. మరి నీళ్లలో పుట్టి నీళ్లలో పెరిగిన మా దివిసీమలో ఈ ఎడారి చుట్టానికేం పని? వరిమడిలో దానికి చోటు లేదు నిజమే. పిడకల గూడు ఉంది, గడ్డివాము ఉంది, పెంకుల కింద వాసాల సందుంది, సముద్రం వైపు ఇసుకదిబ్బలూ సరుగుడు తోటలూ ఉన్నాయి. డెల్టాలో చెమ్మ తగలని జాగా ఎక్కడుంటే అక్కడ అది ఉంటుంది. మనం కూడా అక్కడే ఉంటాం.

తల్లిని చీల్చుకుని పుడతాయని తేలుపిల్లల గురించి మా ఊళ్లో అనేవాళ్లు. అబద్ధం. తేలు గుడ్లు పెట్టదు, నెలల తరబడి కడుపులో మోసి పిల్లల్నే కంటుంది. బియ్యపుగింజల్లాంటి తెల్లటి పిల్లలు తల్లి కాళ్ల మీదుగా పాకి వీపెక్కుతాయి. మొదటి కుబుసం విడిచేదాకా అక్కడే. వాటికి ఇంకా కాటు రాదు, వేట రాదు. వీపు మీద ఇరవయ్యో ముప్పయ్యో పిల్లలతో తల్లి రాయి కింద కదలకుండా కూర్చుని ఉంటే చూశాను. టార్చి వేస్తే తల్లి ఒక్కటే మెరిసింది, పిల్లలు చీకటిగానే ఉన్నాయి. తేలుకి పొట్టకింద దువ్వెనల్లాంటి అవయవాలు రెండుంటాయి, వాటితో నేలని తడిమి దారి తెలుసుకుంటుంది. బొద్దింక దొరికితే తింటుంది, దొరక్కపోతే నెలలు పస్తుంటుంది. పరుగెత్తి వచ్చి మనిషిని కుట్టే జీవి కాదది. మనం చెయ్యి పెడతాం, కాలు వేస్తాం.

1977 నవంబరు 19. ఆ తేదీ మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. ఉప్పెన వేల ప్రాణాల్ని తీసుకుపోయింది. మా ఇంట్లో మనుషులం మిగిలాం, గొడ్లు పోయాయి, ఇల్లు పోయింది. పొలాల గట్లు పోయాయి, సరిహద్దు రాళ్లు కూడా ఇసుకలో పోయాయి. నీళ్లు తీశాక ఎవరి చెక్క ఎక్కడిదాకా అని తగాదాలు మొదలయ్యాయి. మాకూ తాతకీ గట్టు పక్కపక్కనే. రెండు గజాల జాగా మీద మాటా మాటా పెరిగింది. పెద్దమనుషులు కూర్చున్నా తెగలేదు. ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటూ పలకరింపులు మానేశారు. నాకు తాత ఇంటి అరుగు ఎక్కొద్దని చెప్పారు. నేను ఎక్కలేదు, ఆ నవ్వు గుర్తుంది గనక.

1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం. తెలుగు నేల మీద కొన్నిచోట్ల సంపూర్ణంగా పట్టింది. మా దగ్గర నిండుగా పట్టలేదు గాని, మిట్టమధ్యాహ్నం దాటాక వెలుగు రంగు మారిపోయింది. తలుపులు బిడాయించి కూర్చున్నాం. తాత ఒక్కడూ తడిగుడ్డతో రేవు నుంచి తిరిగిరావడం కిటికీ సందులోంచి చూశాను. మంత్రం కొత్తగా పట్టుకొచ్చాడు, ఇక పదేళ్లు తిరుగులేదని ఊరంతా అనుకుంది.

ఆ ఏడు మే నెలలో చెల్లిని కుట్టింది.

చెల్లికి ఆరేళ్లు. పొద్దుగూకే వేళ పొయ్యిలోకి పిడకలు తెమ్మంటే గూటి దగ్గరికి వెళ్లింది. "అమ్మా" అని ఒక్క కేక వేసింది. నాన్న వెళ్లి చూస్తే పిడకల మీద ఎర్రతేలు, చూపుడువేలంత. చెప్పుతో కొట్టి చంపాడు. ఇంతదే కదా అన్నాడు. చెల్లి కాసేపు ఏడ్చి ఊరుకుంది. అమ్మ చింతగింజ అరగదీస్తుంటే "నాకేం లేదమ్మా" అంది. నేను వీధి లేపిన వాణ్ని కదా, నాకు సిగ్గేసింది. మా చెల్లి ఎంత ధైర్యం గలదో అనుకున్నాను. దొంగకి తేలు కుట్టినట్టు అంటారు, పాపం ఆ దొంగకి దొరికిపోతానన్న భయం. ఆరేళ్ల పిల్లకి ఏం భయం?

అయినా నాన్నకి మనసు ఒప్పలేదు. వాంతి చేసుకుందని అమ్మ చెప్పగానే, రెండున్నరేళ్ల పంతం పక్కన పెట్టి, చెల్లిని ఎత్తుకుని రోడ్డు దాటాడు. నేను వెనకాలే వెళ్లాను.

తాత లాంతరు తెచ్చాడు. నన్ను చూసినట్టే చూశాడు. నుదురు తడిమాడు. ముంగురులు చెమటకి అంటుకుపోయి ఉన్నాయి. అరచేతులు పట్టుకున్నాడు, పాదాలు పట్టుకున్నాడు. వదల్లేదు, రెండు పాదాలూ రెండు చేతుల్లో అలాగే పట్టుకుని అడిగాడు.

"నొప్పెడుతోందా అమ్మా?"

"లేదు తాతా."

ఈసారి నవ్వలేదు. వేపమండ కోసం పైకి ఎత్తిన చెయ్యి దించేశాడు.

"అబ్బాయ్, దీనికి నేను వెయ్యను. అవనిగడ్డ తీసుకుపో. అక్కడ కాదంటే బందరు. ఇప్పుడే బయల్దేరు."

"వెయ్యవా?"

"వెయ్యను."

నాన్న గొంతు మారిపోయింది. "గట్టు గుర్తుపెట్టుకున్నావా బాబాయ్?"

తాత దానికి జవాబు చెప్పలేదు. "బండి కట్టు. మీ ఎద్దు చాలదు, మావి తోలుకుపో. నిలబడకురా" అన్నాడు. నాన్న చెల్లిని భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. వీధి మధ్యలో ఆగి, ఊరంతా వినేలా ఒక మాటన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను.

బందరు అంటే యాభై కిలోమీటర్ల దూరం, రాత్రిపూట. నాన్న పక్కూరు వెళ్లాడు. అక్కడ ఇంకో మంత్రగాడు. ఆయన తాడు కట్టాడు, నీళ్లు చల్లాడు, నొప్పుందా అని అడిగాడు. చెల్లి లేదంది. "ఇంకేం, దిగిపోయింది" అన్నాడు. నాన్న ప్రాణం కుదుటపడింది. ఇంటికి వచ్చి చెల్లిని అమ్మ పక్కలో పడుకోబెట్టాడు.

రెండో ఝాముకి ఊపిరి ఎగశ్వాస అయింది. నోటి వెంట నురగ వచ్చింది. తెల్లవారకముందే పోయింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో తాత పేరు తలవలేదు. తలిస్తే, మంత్రం చేతిలో పెట్టుకుని పసిపిల్లని చంపుకున్న పాపాత్ముడనే. 1989లో తాత పోయినప్పుడు నాన్న తలుపు తియ్యలేదు. శవం మా గుమ్మం ముందు నుంచే వెళ్లింది.

1998లో నాకు ఒక డాక్టరు మిత్రుడి బల్లమీద ఒక వైద్య పత్రిక కనిపించింది. మహారాష్ట్రలో రాయగఢ్ జిల్లా, మహాడ్ ప్రాంతం. కొంకణంలోని ఆ ఊళ్లలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ఎర్రతేలు కాటు గురించి రాసిన వ్యాసం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోగుల మంచాల పక్కన రాత్రిళ్లు కూర్చుని చూసి రాసినవాడాయన. 1982లో లాన్సెట్ పత్రికలో కాటు లక్షణాల గురించి రాశాడు. రక్తపోటుకి వాడే ప్రాజోసిన్ అనే చవక మాత్ర తేలు విషానికి పనిచేస్తుందని 1986లో అదే పత్రికలో రాశాడు. ఎర్రతేలు కుట్టి ఒళ్లంతా విషం పాకినవాళ్లలో అంతకుముందు నూటికి పాతిక ముప్పై మంది పోతుంటే, ఆ మాత్ర తర్వాత ఒకరో ఇద్దరో అయింది. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఆ పాటికి ఆయన మాత్ర ఎన్ని ఊళ్లలో ఎందరు పిల్లల్ని ఇంటికి పంపిందో.

విషం చేసే పని వ్యాసంలో వివరంగా ఉంది. మన నరాల పొరల్లో సోడియం రాకపోకలకి సన్నటి తలుపులుంటాయి. ఈ విషం వాటిని మూసుకోనివ్వదు. నరం ఆగకుండా కొట్టుకుంటుంది. ఒంట్లో ఎడ్రినలిన్ వరదై పారుతుంది. రక్తనాళాలు బిగుసుకుని కాళ్లూ చేతులూ చల్లబడతాయి, చెమట, వాంతి, గుండె అలిసిపోయి ఊపిరితిత్తుల్లోకి నీరు. అదే నురగ. ప్రాజోసిన్ ఆ బిగుసుకున్న నాళాల్ని వదులు చేస్తుంది.

ఆ కింద ఒక పేరా ఉంది. నిలబడే చదివాను. భరించలేని నొప్పితో అరిచే రోగికి సాధారణంగా ప్రాణభయం లేదు. అతని విషం కాటు దగ్గరే ఉంది. చెమట పట్టి, చేతులు చల్లబడి, నొప్పి పెద్దగా లేదనేవాడే ప్రమాదంలో ఉన్నవాడు. మందు పనిచేసి మనిషి తేరుకున్నప్పుడు కాళ్లూ చేతులూ వెచ్చబడతాయి, కాటు దగ్గర నొప్పి తిరిగి వస్తుంది. నొప్పి వచ్చిందని రోగి ఏడిస్తే బతికాడని గుర్తు.

నుదురు, అరచేతులు, పాదాలు. నొప్పెడుతోందా?

పత్రిక మడిచి పెట్టి బయటికి వచ్చాను. నేను ఏడుస్తుంటే ఆయన ఎందుకు నవ్వాడో ఇరవై రెండేళ్లకి తెలిసింది.

ఒకటి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ రాత్రి బందరు తీసుకెళ్లినా చెల్లి దక్కేదని అనలేను. 1980లో తేలు కాటుకి ప్రాజోసిన్ ఇంకా రాలేదు. కాని ఆ వీధిలో చెల్లి చచ్చిపోతోందని తెలిసినవాడు ఒకే ఒక్కడు. ఆయన మాకు తన ఎడ్లు ఇస్తానన్నాడు. మేం పద్దెనిమిదేళ్లు ఆయన్ని హంతకుణ్ని చేశాం.

ఆ ఆదివారమే గుడివాడలో బస్సెక్కాను. బందరులో మారి, చల్లపల్లి, అవనిగడ్డ దాటి మధ్యాహ్నానికి ఊరు చేరాను. నాన్న అప్పటికే పోయాడు. మా ఇంటి తాళం తియ్యకుండానే ఎదురింటి అరుగెక్కాను. పద్దెనిమిదేళ్ల తర్వాత ఎక్కడం. తాత భార్య, మామ్మకి ఎనభై దాటాయి. చాటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తోంది. ఎవరి అబ్బాయివని అడిగింది. చెప్పాను. చెయ్యి ఆగింది గాని ఏమీ అనలేదు. కూర్చోమని పీట జరిపింది.

చదివినదంతా ఆమెకి అర్థమయ్యేలా చెప్పాను. నాన్న తరఫున, మా అమ్మ తరఫున క్షమాపణ చెప్పాను. ఎక్కడో మహారాష్ట్రలో పెద్ద డాక్టరు ఏళ్ల తరబడి కూర్చుని కనిపెట్టింది తాతకి ముందే తెలుసు మామ్మా అన్నాను. అరిచే పిల్లలకే వేపమండ ఎత్తేవాడు, అరవని పిల్లల్ని డాక్టరు దగ్గరికి తరిమేవాడు, పుస్తకం లేకుండా, చదువు లేకుండా, ఎంత గొప్ప చూపు మామ్మా, ఎన్ని వందల మందిని చూస్తే కనిపెట్టాడో అన్నాను. నా గొంతు పూడుకుపోయింది.

మామ్మ ఒక గింజ తీసి చాట అంచున పెట్టింది. ఇంకొకటి తీసింది.

"వందలమందిని ఎక్కడ చూశారు నాయనా. అప్పటికి మంత్రం పట్టి రెండు నెలలే. మా పెద్దపిల్లకి వేశారు. తెల్లవార్లూ వేశారు. అదీ ఏడవలేదు."